బయటి బీగం

గౌరమ్మ గారు పోయారని ఆదోని నుంచి ఫోను వచ్చినప్పుడు నేను ఎమ్మిగనూరులో మా ఇంటి వసారాలో జొన్నలు చెరుగుతున్నాను. చేట పక్కన పెట్టాను. ఏడుపు రాలేదు. రానందుకు సిగ్గేసింది. చిన్నప్పుడు మేము నిలువ నీడ లేక ఆదోనిలో పడ్డప్పుడు తన భర్తతో వాదించి పత్తి గోదాములో సగం ఖాళీ చేయించి మాకు చోటిప్పించిన మనిషి ఆమె. ఆ ఇంటి అన్నం దాదాపు రెండేళ్లు తిన్నాను. మరునాడు పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను. ఇల్లు మారలేదు, అవే నాపరాళ్లు, అదే చల్లదనం, గోడలకు పట్టిన అదే కర్పూరం, ఇంగువ కలిసిన వాసన. గౌరమ్మ గారి కోడలు నా పక్కన చాప మీద కూర్చుని, వచ్చినవాళ్లు కొంచెం పలచబడ్డాక, మెల్లగా అడిగింది.

"మా అత్త మీయమ్మను మర్సిపోలేదక్కా. 'ఈరమ్మకు నేనేం తక్కువ సేసినాను, ఎందుకట్ల మొగం తిప్పుకోని పోయింది' అని పోయిన నెల గూడా అనింది. మీకేమన్నా తెలుసునా?"

"తెలీదమ్మా," అన్నాను.

అబద్ధం చెప్పాను. తెలుసు. చావింట్లో చెప్పే మాట కాదని చెప్పలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, రెండు వైపులా పత్తి చేలు పోతుంటే, ఆ గోదాము వాసన నా ముక్కుకు తగిలింది. అందుకే ఇది రాస్తున్నాను.

మాది కోసిగి పక్కన చిన్న పల్లె. మట్టి మిద్దె, వెనక రెండెకరాల ఎర్ర నేల. వాన పడితే జొన్న, కంది; పడకపోతే నాయన పనులు వెతుక్కుంటూ కాలవ కింది ఊళ్లకు పోయేవాడు. అట్లా పోయినవాడు ఒకసారి జ్వరంతో వచ్చి మంచం పట్టి మళ్లీ లేవలేదు. ఆ మరుసటేడు, ఏళ్ల తరబడి మొహం చాటేసిన వాన ఒక్కసారిగా మూడు రోజులు విడవకుండా కురిసింది. ఊరంతా సంబరపడింది. మూడో రోజు పొద్దున మా మిద్దె కూలింది. అవ్వను, అంటే నాయన తల్లిని, అమ్మ రెక్క పట్టుకుని బయటకు లాగిన మరుక్షణమే దూలం విరిగింది. పెదనాయన వాళ్లు నాలుగు రోజులు పెట్టుకుని, ఐదో రోజు నుంచి మాతో మాట్లాడటం మానేశారు. ఎవరూ పొమ్మనలేదు. మాట్లాడకపోతే చాలు కదా. అమ్మ, అవ్వ, పదేళ్ల నేను, ఒక చెంబు, ఒక బొంత తీసుకుని రైలెక్కి ఆదోనిలో దిగాం. ఎక్కడికి పోవాలో తెలియక స్టేషన్ వరండాలోనే ఆగిపోయాం. ఆగింది ఆగినట్టు ఇరవై రోజులు గడిచాయి.

గౌరమ్మ గారు మమ్మల్ని చూసింది అక్కడే. మంత్రాలయం పోయే చుట్టాలను రైలెక్కించడానికి వచ్చి, వరండాలో దగ్గుతూ పడుకున్న అవ్వను చూసి ఆగింది. "ముసలామెను ఈ సిమెంటు మీద పండబెట్టినారేమ్మా? మీది యా ఊరు?" అని అడిగింది. ఆ ఇరవై రోజుల్లో మమ్మల్ని ఊరు అడిగిన మొదటి మనిషి ఆమె. అది మాత్రం నేను ఎన్నటికీ మరవను.

ఒక్కరి వల్ల అయ్యే పని కాదని ఆమెకు వెంటనే అర్థమైంది. సేటు, అంటే ఆమె భర్త, గోదాము సగం ఇస్తాను గానీ మిగతాది నాకు చెప్పొద్దన్నాడు. గోదాముకు ఎదురుగా ఖాదర్ సాబు అని ఒక దర్జీ ఉండేవాడు. ఆయన పిల్లలకు గౌన్లు, ఆడవాళ్లకు రవికెలు కుట్టిస్తానన్నాడు. ఎమ్మిగనూరు నుంచి ప్రతి గురువారం సేటు అంగడికి బట్ట తెచ్చే నేతగాడు నాగలింగప్ప ఒకాయన. మగ్గం మీద పోగు తెగి పాడైన దుప్పట్లు తెస్తానన్నాడు. మధ్యాహ్నం భోజనం గౌరమ్మ గారి ఇంటి నుంచి, సాయంత్రం రొట్టెలు బజారు ఆడవాళ్లు వంతుల వారీగా. ఒక నెలలో మాలాంటి కుటుంబాలు ఐదయ్యాయి, అన్నీ మగదిక్కు లేనివే. గురువారం గురువారం ముగ్గురూ గోదాము ముందరి బండ మీద కూర్చుని ఏం కావాలో, ఏం తక్కువైందో మాట్లాడుకునేవారు. ఇప్పుడు దీనికి పెద్ద పెద్ద పేర్లున్నాయి. అప్పుడు మేము 'గురువారం వాళ్లు' అనేవాళ్లం.

గోదాము లోపలికి వెళ్లగానే మొదట తగిలేది పత్తి గింజల జిడ్డు వాసన, దాని కింద గోనెసంచుల వాసన, ఇంకా కింద ఎక్కడో ఎలుకల వాసన. గాలిలో ఎప్పుడూ దూది నలుసులు తేలుతుండేవి. కిటికీలు మనిషి ఎత్తుకు రెండింతల పైన. వెలుతురు పైనుంచి పడి గోడ మీద జారుకుంటూ పోయేది తప్ప నేల దాకా వచ్చేది కాదు. అవ్వ రోజూ లేవగానే "తెల్లారిందేమ్మే?" అని అడిగేది. ఆమెకు చూపు బాగానే ఉండేది, చూసే దారే లేదు. నాగలింగప్ప తెచ్చిన దుప్పటి ఒళ్లో పరుచుకుని, వేలితో తడుముతూ పోగు తెగిన చోటు వెతకడం ఆమెకు అలవాటైంది. దొరికితే "ఇదిగో, ఈడ" అని నాకు చూపించేది. పల్లెలో అయితే ఆ పాటికి కళ్లాపి చల్లి, ఆవు పేడ ఎత్తి, పక్కింటామెతో ఒక చిన్న జగడం కూడా పూర్తి చేసి ఉండేది. ఇక్కడ ఆమెకు వేలు కదిలించే పని అదొక్కటే మిగిలింది.

పొయ్యి పెట్టుకోవడానికి లేదు, అడ్డుగోడకు అవతల పత్తి బేళ్లున్నాయి కాబట్టి. అది న్యాయమే. అమ్మ మాత్రం ప్రతి గురువారం అడిగేది: "బయట గోడ పక్కన మూడు రాళ్లు పెట్టుకుంటామమ్మా, ఒక సంగటి ముద్ద కెలుక్కుంటాం." గౌరమ్మ గారు నవ్వేది. "నీకెందుకు ఈరమ్మా ఆ కష్టం? మా ఇంట్ల నుంచి వస్తాంది కదా. రుచిగా లేదా?" రుచిగానే ఉండేది. చిత్రాన్నం, పప్పు, ఒక్కోసారి బొబ్బట్టు కూడా. అమ్మ తలదించుకుని "బాగుందమ్మా" అనేది. బాగున్నదాన్ని వద్దనడానికి మా దగ్గర మాట ఉండేది కాదు.

అసలు చిక్కు బీగంతో. మా వైపు తాళాన్ని బీగమంటాం. గోదాము ఇనప గేటుకు సాయంత్రం దీపాలు పెట్టే వేళ కావలి తిక్కన్న బయటి నుంచి బీగం వేసి, మళ్లీ పొద్దు బాగా ఎక్కాక, సేటు అంగడి తెరిచే వేళకు వచ్చి తీసేవాడు. ఆడవాళ్లున్న చోటు, భద్రంగా ఉండాలని గురువారం వాళ్లు ముగ్గురూ అనుకున్న మాట అది. చెడ్డ ఉద్దేశం ఎవరికీ లేదు. కానీ పత్తి ఏరడానికి, వేరుశనగ పీకడానికి కూలీలను ఎక్కించుకునే ట్రాక్టర్లు తెల్లవారకముందే ఊరి చివరి నుంచి కదిలిపోయేవి. గేటు తెరిచేసరికి పని అయిపోయేది. పని లేకపోతే కూలి లేదు, కూలి లేకపోతే వేరే చోటు చూసుకునే దారి లేదు, దారి లేకపోతే గోదామే గతి. ఈ చుట్టును అమ్మ నాకు ఒకసారి నేల మీద పుల్లతో గీసి చూపించింది. చదువు రాని మనిషి.

ముందుగా గౌరమ్మ గారినే అడిగింది. ఆమె "నాదేముందమ్మా, ముగ్గురం అనుకున్నాం కదా, ఖాదర్ సాబును అడుగు" అంది. ఖాదర్ సాబు మిషను తొక్కడం ఆపి, దారం పళ్లతో కొరికి, "గోదాము సేటుది, నేను కుట్టేటోన్ని చెల్లీ. నేను సెప్తే బాగుండదు. నాగలింగప్ప పెద్దమనిషి, ఆయన్ను అడుగు" అన్నాడు. నాగలింగప్ప వారానికొకసారి వచ్చే మనిషి; "ఊర్లో ఉండేటోళ్లు వాళ్లు, నాకేం తెలుసునమ్మా, గౌరమ్మ గారు ఎట్లంటే అట్ల" అన్నాడు. అమ్మ మూడు గురువారాలు ఇట్లా తిరిగింది. ఒక్కరూ కసురుకోలేదు. ఒక్కరూ కాదనలేదు. ముగ్గురూ మంచివాళ్లే కావడం వల్ల ఎవరి మీద కోప్పడాలో మాకు తెలిసేది కాదు. మూడో వారం అమ్మ వచ్చి అవ్వ కాళ్ల దగ్గర కూర్చుంది. "కొట్టేటోళ్ల దగ్గర్నుంచైతే పారిపోవచ్చు అత్తా. పెట్టేటోళ్ల దగ్గర్నుంచి ఎట్ల పోతాం?" అంది.

వాన లేని శ్రావణం వచ్చింది. ఒక సోమవారం బజారంతా ఉరుకుందలోని ఈరన్న స్వామి గుడికి కదిలింది. సేటు ఇంటివాళ్లు బండ్లు కట్టించుకుని చీకటితోనే వెళ్లిపోయారు. తిక్కన్న కూడా వాళ్లతోనే పోయాడు. గేటు సంగతి అతను ఇంకెవరికో చెప్పాననుకున్నాడట, చెప్పలేదు. పొద్దెక్కింది, గేటు తెరవలేదు. ముందు పిల్లలం ఆడుకున్నాం. తర్వాత రేకుల కప్పు కాగడం మొదలైంది. కుండలో నీళ్లు రాత్రికే అయిపోయాయి, కొళాయి గేటు బయట. ఎండ గోడ మీద సగం దాకా దిగేసరికి అవ్వ మాట్లాడటం మానేసింది. పెదవులు తెల్లబడ్డాయి. వేలు దుప్పటి మీదే ఉంది, కదలడం లేదు. ఆడవాళ్లంతా గేటు పట్టుకుని అరిచారు. వీధిలో కుక్కలు తప్ప ఎవరూ లేరు. నేను గేటు కింది సందులో చెంప ఆనించి పడుకుని బయటి గాలి పీల్చడం గుర్తుంది. ఆ సందులోంచి కొళాయి కనిపించేది. ఒక్కొక్క చుక్క కారుతోంది.

చివరికి ఖాదర్ సాబు వచ్చాడు. అంగడి మూసే ఉంది, ఏదో మరిచిపోయి వచ్చాడట. పరుగెత్తి వచ్చి బీగం పట్టుకున్నాడు గానీ అక్కడే ఆగిపోయాడు.

"సేటు బీగం కదా చెల్లీ... పగలగొడితే..."

"అన్నా, లోపలికి సూడు," అంది అమ్మ. గొంతు పోయి గుసగుసలా వచ్చింది. "మా అత్తను సూడు. సూసి నువ్వే సెప్పు, పగలగొట్టాల్నా వద్దా."

ఆయన గేటు రేకుల మధ్య సందులోంచి చూశాడు. రోడ్డు పక్కన నుంచి బండరాయి ఎత్తుకొచ్చి కొట్టాడు. నాలుగో దెబ్బకో ఐదో దెబ్బకో బీగం ఊడింది. ఆయన వేలు కూడా చితికింది. అవ్వ నోట్లో నీళ్లు పోస్తే మొదట బయటకే కారాయి. చాలాసేపటికి ఒక గుటక పడింది. ఖాదర్ సాబు గడప మీద కూర్చుని, చితికిన వేలు పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఒక మగవాడు ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ గురువారం అమ్మ మొదటిసారి బండ మీద వాళ్లతో సమంగా కూర్చుంది. ఎవరూ కూర్చోమనలేదు. గౌరమ్మ గారు అవ్వ కోసం పాలు, గ్లూకోజు పొడి తెచ్చింది, కళ్లనీళ్లు పెట్టుకుంది, తిక్కన్నను మా ముందరే తిట్టింది. అన్నీ అయ్యాక అమ్మ అంది: "బీగం మీ ఇష్టమమ్మా, ఏసుకోండి. బీగంచెవి మాత్రం మా దగ్గర ఉండనీండి."

గౌరమ్మ గారి మొహం మాడింది. "అంటే మా మీద నమ్మకం లేదా ఈరమ్మా?"

"నమ్మకం సంగతి కాదమ్మా. నీళ్ల సంగతి."

ఖాదర్ సాబు నేల చూస్తూ "ఇచ్చేయండి గౌరమ్మా" అన్నాడు. నాగలింగప్ప తలూపాడు. అట్లా కొత్త బీగం లోపలికి మారింది, చెవి అమ్మ కొంగుకు చేరింది. ఒక షరతు మాత్రం పెట్టారు: దీపాల వేళ దాటాక ఎవరినీ లోపలికి రానివ్వకూడదు, ఏం జరిగినా జవాబు అమ్మదే. ఆ పూట మా ఆనందం చెప్పలేను. మరునాడు తెల్లవారకముందే నలుగురు ఆడవాళ్లు ట్రాక్టరెక్కి పత్తి చేలల్లో కలుపు తీయడానికి పోయారు. అమ్మ పోలేదు. చెవి ఆమె దగ్గర ఉంది, ఆమె పోతే గేటు చూసేవారు లేరు. అందరూ బయటకు వెళ్లడానికి వీలుగా తను లోపల ఉండిపోయింది. గేటు పక్కన కూర్చుని, రొట్టెల కోసం, వచ్చే పోయేవాళ్ల కోసం ఎదురుచూసేది. తిక్కన్న కూర్చునే చోటే, తిక్కన్న స్టూలు మీదే.

మాతో సుంకమ్మ అని ఆస్పరి వైపు నుంచి వచ్చిన ఒంటరి ఆడమనిషి ఉండేది. పత్తి పనికి పోయి ఒక రోజు ఆలస్యంగా వచ్చింది, ట్రాక్టరు చెడిపోయిందట. అమ్మ తెరిచింది. ఎవరు చెప్పారో, గురువారం గౌరమ్మ గారు అంది: "నిన్ను నమ్మి ఇస్తే ఇట్ల సేస్తివి. ఇంకోసారైతే సేటు ఊరుకోడు, మిమ్మల్నందర్నీ పొమ్మంటాడు." తర్వాత కొన్ని రోజులకు సుంకమ్మ మళ్లీ ఆలస్యమైంది. దీపాలు పెట్టి కొంచెం సేపే అయింది. గేటు అవతల నిలబడి "ఈరక్కా" అని పిలిచింది. అమ్మ లేచి గేటు దాకా వెళ్లింది. కొంగు ముడి మీద చెయ్యి వేసింది. అవ్వ, నేను, లోపల ఉన్న మిగతావాళ్లు అందరం చూస్తున్నాం. ఎవరూ తెరువు అనలేదు. ఎవరూ వద్దనలేదు. అమ్మ చెయ్యి అక్కడే ఉండిపోయింది. "నేను తెరిస్తే అందరం రోడ్డున పడతాం సుంకమ్మా" అంది. సుంకమ్మ తిట్టలేదు. "సర్లే అక్కా" అని, ఎదురుగా ఖాదర్ సాబు అంగడి మెట్ల మీద కూర్చుంది.

తెల్లవారగానే అమ్మ గేటు తెరిచింది. సుంకమ్మ మోకాళ్ల మీద తల పెట్టుకుని అక్కడే ఉంది. అమ్మ నేరుగా గౌరమ్మ గారి ఇంటికి వెళ్లి, గడప లోపలికి పోకుండా, ఆమె చూస్తుండగానే చెవి గట్టు మీద పెట్టి వచ్చేసింది. "ఇది నా సేతిలో ఉంటే నేను మనిషిని కాకుండా పోతాండాను" అని అవ్వతో అంది, గౌరమ్మ గారితో కాదు. ఆ మాట అక్కడ చెప్పి ఉంటే బాగుండేదేమో. చెప్పే ధైర్యం లేక మొహం తిప్పుకుని వచ్చింది. గౌరమ్మ గారు చివరి దాకా మోసింది ఆ తిప్పుకున్న మొహాన్నే.

ఆ గురువారం నాగలింగప్ప బట్టల బండి తిరిగి పోయేటప్పుడు అమ్మ "మగ్గానికి నూలు కండెలు సుట్టే పని ఉంటే ఇప్పించన్నా" అని అడిగి, మమ్మల్ని అదే బండిలో ఎక్కించింది. ఎమ్మిగనూరులో మగ్గాల వీధిలో ఒక గది దొరికింది. అమ్మ పొద్దంతా రాట్నం మీద కండెలు చుట్టేది, నేను బడికి పోయి వచ్చి చుట్టేదాన్ని. సుంకమ్మను తీసుకురాలేకపోయాం. తర్వాత ఏమైందో తెలియదు. ఆ గదికి తలుపు ఉంది, గడియ ఉంది, కానీ అవ్వ ఎవరినీ తలుపు వేయనిచ్చేది కాదు. చలికాలమైనా, వానైనా, కుక్కలొచ్చినా. "తెరిసి పెట్టండమ్మే, నాకు ఊపిరాడదు" అనేది. మరుసటేడు తెరిచిన తలుపు ఎదురుగానే పోయింది.

నేను టీచరునయ్యాను, రిటైరయ్యాను. కొన్నాళ్ల కిందట మా ఊళ్లో ఇల్లు లేనివాళ్ల కోసం ఒక ఆశ్రయం మొదలైంది. కట్టడం ఒకరిది, బియ్యం వ్యాపారులవి, దుప్పట్లు మగ్గాలవాళ్లవి, వైద్యం ఒక డాక్టరమ్మది. కమిటీలోకి నన్ను పిలిచారు. గోదాము రోజులతో పోలిస్తే ఇక్కడ ఎంత మేలో చెప్పలేను. ఫ్యాన్లున్నాయి, వంటిల్లుంది, ఎవరి పొయ్యి వాళ్లు పెట్టుకోవచ్చు, స్నానానికి తలుపున్న గదులున్నాయి. ఎవరూ అన్నం పెట్టి దండం పెట్టించుకోరు. మొదటి సమావేశంలోనే నేను లేచి అవ్వ కథ చెప్పాను. గేటుకు బీగం ఉండకూడదు, పగలూ రాత్రీ తెరిచే ఉండాలి అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక్కరూ ఎదురు చెప్పలేదు. గేటుకున్న గొళ్లెం కూడా పీకించాను.

గౌరమ్మ గారి ఇంటి నుంచి వచ్చిన మరునాడు, మనసు బాగోలేక, ఆశ్రయానికి వెళ్లాను. కౌతాళం వైపు నుంచి వచ్చిన మారెమ్మ అనే ఆమె, నడివయసు మనిషి, తలుపుకు వీపు ఆనించి కునుకు తీస్తోంది. పట్టపగలు ఏం నిద్ర అని నవ్వుతూ అడిగాను. ఆమె నవ్వలేదు.

"రాత్రుల్లో యాడ పండుకునేది మేడమ్మా? గేటు తెరిసే ఉంటాది. తాగినోళ్లు లోపలికొస్తారు. పిల్లల్ని నడమ పెట్టుకోని వంతులేసుకోని మేలుకుంటాండాం. ఏడాదైంది."

"మరి చెప్పలేదే?"

"ఎవురికి సెప్పేది? గేటు తెరిసి పెట్టమని సెప్పింది ఎవురో గొప్పామె అంట, ఆమె మాటకు తిరుగు లేదంట."

ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాను. "ఆ మాట చెప్పింది నేనే" అన్నాను.

మారెమ్మ నన్ను కిందా మీదా చూసింది. కోపం లేదు ఆ చూపులో. "మమ్మల్ని అడిగింటే సెప్తాంటిమి," అంది.

ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని. గౌరమ్మ గారి మీద లోపల పెంచుకున్న కోపమంతా ఏ నీళ్లు పోసి పెంచానో నాకే అర్థం కాలేదు. ఆమె అడగలేదు, భద్రత పేరుతో. నేను అడగలేదు, స్వేచ్ఛ పేరుతో. వాళ్ల బాధ నాకు తెలుసనుకున్నాను, ఎందుకంటే ఒకప్పుడు నా బాధ నాకు తెలుసు. ఆమెకైనా తెలియదు పాపం, ఒక్క రోజు కూడా గేటు లోపల ఉండలేదు.

నిన్న కమిటీ వాళ్లందరికీ ఫోన్లు చేసి, ఇవాళ సమావేశంలో ఆశ్రయంలో ఉండే ఆడవాళ్లు మాట్లాడతారని చెప్పాను. వాళ్లు వచ్చారు. కుర్చీలు వేశాం. ఎవరూ మాట్లాడలేదు. డాక్టరమ్మ బతిమాలింది, నేను బతిమాలాను. చివరికి మారెమ్మ లేచి, "మీరుంటే మాకు నోరు రాదు. మేమే లోపల మాట్లాడుకోని వచ్చి సెప్తాం. మీరు కాసేపు బయట కూకోండి" అంది. వ్యాపారుల పెద్దాయన నా వైపు చూశాడు. నేను లేచి బయటకు నడిచాను. అందరూ నా వెనకే వచ్చారు.

ఇది గేటు బయటి మెట్టు మీద కూర్చుని ముగిస్తున్నాను. లోపల వాళ్ల గొంతులు పెద్దవవుతున్నాయి, తగ్గుతున్నాయి, ఎవరో నవ్వారు కూడా. బీగం కావాలంటారో, గడియ చాలంటారో, నేను అసలు ఊహించనిది ఇంకేదైనా అడుగుతారో తెలియదు. గంట దాటింది. ఇంకా పిలవలేదు.